గట్టు తీసేముందు: సి డ్రైవ్, డి డ్రైవ్ కలపడం గురించి



కంప్యూటర్ తెరిచి ‘దిస్ పీసీ’లోకి వెళ్లగానే సి డ్రైవ్ కింద ఉండే నీలం గీత ఎర్రగా మారిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. పక్కనే డి డ్రైవ్ సగానికి పైగా ఖాళీగా ఉంటుంది. ఉన్నది ఒకటే డిస్క్. ఒక వైపు అప్‌డేట్‌కి కూడా చోటు లేదు, ఇంకో వైపు వందల జీబీలు వాడకుండా పడి ఉన్నాయి. రెండూ కలిపేస్తే గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. నిజంగానే కలపవచ్చు. లోపలున్న ఫోటోలు, ఖాతాలు, పెళ్లి వీడియోలు ఒక్కటీ పోకుండా కలపవచ్చు. అయితే ఈ పనిలో ‘డిలీట్’ అన్న మాట మీద మన చేత్తో మనమే నొక్కవలసిన ఘట్టం ఒకటి వస్తుంది. ఆ ఘట్టానికి మీరు నిబ్బరంగా చేరుకోవాలని ఈ కాసేపు మాట్లాడుతున్నాను.

ముందు అసలు పార్టిషన్ అంటే ఏమిటో చూద్దాం. అది డిస్క్‌ని ముక్కలుగా కోయడం కాదు. డిస్క్ మొదట్లో చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు ఒక భాగం, ఆ తర్వాత ఇంకో భాగం అని అందులో రాసి ఉంటుంది, అంతే. పొలాలకు అడంగల్ ఎలాగో డిస్క్‌కి ఆ పట్టిక అలాగ. తెలంగాణ శ్రోతలు పహాణీ అనుకోండి. అందులో ఒక సర్వే నంబరు కొట్టేసినంత మాత్రాన పొలంలో ఉన్న వరి మాయం కాదు. కానీ ఆ నేల ఫలానా వారిదని చెప్పే ఆధారం పోతుంది. రేపు ఇంకొకరు వచ్చి దున్నేసినా అడ్డు చెప్పేవారుండరు. డి డ్రైవ్‌ని డిలీట్ చేసినప్పుడు జరిగేది ఇదే. పట్టికలో ఒక వరుస పోతుంది, ఆ జాగా ఎవరికీ చెందనిదవుతుంది. దాన్ని తీసుకుని సి డ్రైవ్ తన హద్దు పెంచుకుంటుంది. పక్కపక్కన ఉన్న కమతాలే కలుస్తాయి, మధ్యలో ఇంకొకరిది ఉంటే కలవవు అన్న నియమం కూడా రెండు చోట్లా ఒకటే. తర్వాత మనకు ఎదురయ్యే చిక్కుల్లో సగం ఈ నియమం వల్లే వస్తాయి.

ఈ పట్టికకు చాలా వయసుంది. 1983లో ఐబీఎం సంస్థ పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్‌ని 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో తెచ్చింది. దానితో వచ్చిన డాస్ 2.0లో ఈ ఏర్పాటు మొదలైంది. డిస్క్‌లోని మొట్టమొదటి 512 బైట్లలో 64 బైట్లు దీనికి కేటాయించారు. ఒక్కో వరుసకు 16 బైట్లు, మొత్తం నాలుగే వరుసలు. ఒకే డిస్క్‌లో వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకోవాలనుకునేవారికి నాలుగు భాగాలు చాలునని ఆనాడు అనుకున్నారు. ఎంబీఆర్ అని పిలిచే ఆ పట్టిక మామూలు డిస్క్‌లో 2 టెరాబైట్లు దాటిన జాగాను గుర్తించలేదు. అందుకే కొత్త కంప్యూటర్లలో జీపీటీ అనే పట్టిక వాడుతున్నారు. విండోస్‌లో దానికి 128 వరుసలుంటాయి. అంతకంటే మంచి విషయం, దాని రెండో ప్రతి డిస్క్ చివర కూడా ఉంటుంది. మొదట్లో ఉన్నది చెడిపోయినా చివర ఉన్న ప్రతితో నిలబెట్టుకోవచ్చు.

మరి మన కంప్యూటర్లలో సి, డి, ఇ అని మూడేసి, నాలుగేసి డ్రైవ్‌లు ఎందుకు వచ్చాయి? మొదటి కారణం అవసరమే. విండోస్ 95 తొలిరోజుల్లో ఫైళ్లు దాచడానికి వాడిన ఫ్యాట్ 16 పద్ధతిలో ఒక డ్రైవ్ 2 జీబీ దాటడానికి వీల్లేదు. పైగా డ్రైవ్ అంత పెద్దదైతే, రెండు వాక్యాల ఉత్తరం దాచినా 32 కిలోబైట్ల చోటు తినేసేది. అందుకని డిస్క్‌ని చిన్న చిన్న భాగాలు చేయడమే తెలివైన పని. 1996లో ఫ్యాట్ 32 వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతి ఇళ్లలోకి కూడా వచ్చేసింది. అవసరం తీరిపోయింది. అలవాటు మాత్రం ఉండిపోయింది. కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చే షాపులో సి డ్రైవ్‌లో విండోస్, డి లో పాటలు, సినిమాలు, ఇ లో బ్యాకప్ అని పంచి ఇచ్చేవారు. సి డ్రైవ్‌కి 20, 40, మహా అయితే 60 జీబీలు దక్కేవి. ఇప్పుడు విండోస్ 11 పెట్టాలంటేనే కనీసం 64 జీబీల డిస్క్ కావాలని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. ఆనాటి పంపకం ఈనాటి విండోస్‌కి చాలడం లేదు.

ఆ పంపకంలో ఒక మేలు ఉందని ఒప్పుకోవాలి. విండోస్ పాడై ఫార్మాట్ కొట్టవలసి వస్తే సి డ్రైవ్ ఒక్కటే పోయేది, డి లో ఉన్నవి మిగిలేవి. ఎంతోమంది ఫోటోలు దాని వల్లే దక్కాయి. కానీ అదే మేలు మనకొక ప్రమాదకరమైన నమ్మకాన్ని ఇచ్చింది. ఇ డ్రైవ్‌కి బ్యాకప్ అని పేరు పెట్టి, డి లో ఉన్నవి అందులోకి కాపీ చేసి, ఇక ఫరవాలేదని నిద్రపోతున్నాం. ఆ రెండూ ఉన్నది ఒకే డిస్క్ మీద. డిస్క్ లోపల మోటారు ఆగిపోయినా, ల్యాప్‌టాప్ కింద పడినా, ఎవరైనా ఎత్తుకుపోయినా రెండూ ఒక్కసారే పోతాయి. తల్లిదండ్రుల ఫోటోలు అలా పోగొట్టుకున్నవారి ఎదుట కూర్చుని మాట్లాడటం ఎంత కష్టమో పోయిన ఫైళ్లు వెతికి తీసే పనిలో ఉన్నవారికి తెలుసు. ఒకే డిస్క్‌లోని ఇంకో డ్రైవ్‌లో ఉన్న కాపీని దయచేసి బ్యాకప్ అనుకోకండి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. ప్రతి ముఖ్యమైన ఫైలూ మూడు చోట్ల ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి. మూడూ కుదరకపోయినా, మన టేబుల్ సొరుగులో విడిగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అయినా ఉండి తీరాలి.

డ్రైవ్‌లు కలిపే పనికి కూడా ఆ ఎక్స్‌టర్నల్ డిస్కే ఆధారం. ఇక్కడ ఒక విషయం నిక్కచ్చిగా చెబుతాను. విండోస్‌లో ఉన్న సొంత సదుపాయంలో ‘మెర్జ్’ అనే మీట లేనే లేదు. ఈ పనికి ఉన్నవి రెండు: ‘డిలీట్ వాల్యూమ్’, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’. మొదటిదానితో డి పోతుంది, రెండోదానితో సి పెరుగుతుంది. మధ్యలో డి లోని ఫైళ్లను కాపాడే బాధ్యత విండోస్ తీసుకోదు. ఒక్క మీటతో కలిపేస్తామని చెప్పే ప్రోగ్రాములు బజారులో ఉన్నాయి. అవి కూడా ఫైళ్లను ఒక పక్కకు జరిపి, హద్దు చెరిపి, ఆ ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇస్తాయి. చేసేది అదే పని, మన కంటికి కనబడకుండా చేస్తాయి. కనబడకుండా జరిగే పని మధ్యలో ఆగిపోతే మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అందుకే కాపీ మన చేత్తో తీసుకోవాలి, మన కళ్లతో చూసుకోవాలి.

ఇక పనిలోకి వద్దాం. పక్కన కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి.

కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట, ఎక్స్ అక్షరం కలిపి నొక్కండి. వచ్చే జాబితాలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ అని ఉంటుంది. అది తెరిస్తే కింది భాగంలో మీ డిస్క్‌లు అడ్డంగా పెట్టెల వరుసల్లా కనిపిస్తాయి. ఎడమ వైపు ‘డిస్క్ 0’, ‘డిస్క్ 1’ అని రాసి ఉంటుంది. మొదట చూడవలసింది సి, డి రెండూ ఒకే వరుసలో ఉన్నాయా అన్నది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో సి డ్రైవ్ చిన్న ఎస్ఎస్‌డీ మీద, డి డ్రైవ్ పెద్ద హార్డ్ డిస్క్ మీద ఉంటాయి. అలా వేర్వేరు వరుసల్లో ఉంటే కలపాలన్న ఆలోచన అక్కడితో మానుకోండి. ‘డైనమిక్ డిస్క్’గా మారిస్తే కలుస్తుందని ఎవరైనా చెబితే వినకండి. అలా రెండు డిస్క్‌ల మీద పరిచిన డ్రైవ్‌లో ఒక్క డిస్క్ పాడైనా మొత్తం దెబ్బతింటుంది. ఆ పద్ధతిని మైక్రోసాఫ్టే పక్కన పెట్టేసింది.

ఒకే వరుసలో ఉంటే, సి పెట్టెకు కుడి పక్కన ఆనుకుని ఉన్నది ఏదో చూడండి. అది డి అయితే మీ పని సులువు. చాలా కంప్యూటర్లలో ఆ రెంటి మధ్య కొన్ని వందల మెగాబైట్ల చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, దాని మీద ‘రికవరీ పార్టిషన్’ అని రాసి ఉంటుంది. విండోస్ లేవలేని రోజున మరమ్మతుకు పనికొచ్చే సరంజామా అందులో ఉంటుంది. అది మధ్యలో ఉన్నంత కాలం డి ని తీసేసినా సి పెరగదు, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ మసకబారిపోయి నొక్కినా పలకదు. చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుని చేతికందింది డిలీట్ చేస్తారు. వద్దు. దాన్ని కుడికి జరపడానికి జీపార్టెడ్ లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ని లేపి వాటితో పని చేయాలి. అలవాటు లేకపోతే తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి, అయితే మీ ఫైళ్ల కాపీ మీ ఇంట్లో పెట్టుకుని మరీ వెళ్లండి. సి కి ఎడమ పక్కన ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ అని ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు, అది లేకపోతే కంప్యూటర్ లేవదు.

ఇప్పుడు కాపీ సంగతి. ఎక్స్‌టర్నల్ డిస్క్ లేదు, ఇ డ్రైవ్‌లో బోలెడు జాగా ఉంది, అక్కడ పెట్టుకుంటామని కొందరు అంటారు. పని జరుగుతుంది, కాదనను. కానీ పట్టికను మార్చే రోజున, ఉన్న ఒక్క కాపీని అదే పట్టిక మీద ఆధారపడే చోట పెట్టడం నాకు మనస్కరించదు. ఇరుగుపొరుగు దగ్గర అరువు తెచ్చుకునైనా ఇంకో డిస్క్ మీద పెట్టండి. ఆ డిస్క్ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఫ్యాట్ 32లో ఉంటే 4 జీబీలకు మించిన ఫైలు అందులోకి ఎక్కదు. పెళ్లి వీడియోలు ఆగిపోయేది అందుకే. ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉండాలి. కాపీ అయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయో చూడండి. దాంతో ఆగకండి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఏవో కొన్ని ఫోటోలు, ఒక వీడియో చివరి భాగం, ఒక ఎక్సెల్ షీటు తెరిచి చూడండి. తెరుచుకున్నప్పుడే అది కాపీ.

ఊళ్లలో డీటీపీ సెంటర్లు, ఫోటో స్టూడియోలు నడిపేవారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ డి డ్రైవ్‌లో ఏళ్ల తరబడి చేసిన శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఉంటాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థం లేని అక్షరాలుగా కనిపిస్తాయి. ఫైళ్లు ఉన్నది డి లో, ఫాంట్లు ఉన్నది సి లో. పనిలో ఎక్కడో తేడా వచ్చి విండోస్ మళ్లీ వేయవలసి వస్తే, డి కాపీ ఒక్కటే మిగిలి అది చదవడానికి దారి లేకుండా పోతుంది. కనుక ఫాంట్లు, వాటిని ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు, లైసెన్స్ వివరాలు కూడా కాపీలో చేర్చుకోండి. మళ్లీ మళ్లీ అచ్చువేసే ముఖ్యమైన పుస్తకాలకు పీడీఎఫ్‌లు కూడా చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. డి డ్రైవ్ పోతే ‘డి’ అనే అక్షరం కూడా పోతుంది. పేజ్‌మేకర్ పేజీలో అతికించిన బొమ్మలు, వీడియో ఎడిటింగ్ ప్రాజెక్టులో వాడిన క్లిప్పులు, ట్యాలీ డేటా ఉన్న చోటు, డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లు అన్నీ తమ చిరునామాను డి తోనే గుర్తుపెట్టుకుని ఉంటాయి. ఫైళ్లన్నీ భద్రంగా సి లోకి వచ్చినా ఆ ప్రోగ్రాములు వాటిని కనుక్కోలేవు, పోయాయని చెబుతాయి. చూసేవారికి గుండె జారిపోతుంది. దీనికి చక్కని ఉపాయం విండోస్‌లోనే ఉంది. పాత డి లోని సరుకంతా సి లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, దానికి ‘డేటా’ అని పేరు పెట్టారనుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సబ్‌స్ట్’ అనే ఆజ్ఞ రాసి, పక్కన డి కోలన్, ఆ పక్కన ఫోల్డర్ చిరునామా ఇస్తే, ఆ ఫోల్డరే డి డ్రైవ్‌గా కనిపిస్తుంది. పాత చిరునామాలు పనిచేస్తాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఈ ఏర్పాటు పోతుంది కనుక, ఆ ఒక్క లైనునూ బ్యాచ్ ఫైలుగా స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. డి లో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములను మాత్రం ముందే తీసేసి, తర్వాత సి లో కొత్తగా వేసుకోవడమే మంచిది.

ఎన్‌క్రిప్షన్ మాట కూడా చెప్పాలి. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ మనకు తెలియకుండానే తాళం వేసి ఉంటుంది. ఆ తాళాన్ని బిట్‌లాకర్ అంటారు. పనికి ముందు దాన్ని సస్పెండ్ చేయండి. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ఆ అంకెలు అడిగినప్పుడు ఇవ్వలేకపోతే, డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టే ఉన్నా మీకు అందదు.

ఇక అసలు ఘట్టం. డి పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ‘డిలీట్ వాల్యూమ్’ ఎంచుకుంటే, ఆ పెట్టె మీది గీత నల్లగా మారి ‘అన్‌అలొకేటెడ్’ అని వస్తుంది. నల్లగా కాక లేత ఆకుపచ్చగా వచ్చి ‘ఫ్రీ స్పేస్’ అని ఉంటే మీది పాత ఎంబీఆర్ పట్టిక, డి అందులో లాజికల్ డ్రైవ్ అన్నమాట. ఆ ఆకుపచ్చ చుట్టులో ఇంకే డ్రైవూ లేకపోతేనే దాన్ని కూడా డిలీట్ చేయాలి, అప్పుడు నల్లగా మారుతుంది. ఇ డ్రైవ్ కూడా అందులోనే ఉంటే అక్కడే ఆగండి, ఇ లోని ఫైళ్లకు కూడా బయట కాపీ తీసుకున్నాకే ముందుకు వెళ్లాలి. తర్వాత సి మీద రైట్ క్లిక్, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’, వచ్చే కిటికీలో ‘నెక్స్ట్’ నొక్కుతూ వెళితే కొన్ని క్షణాల్లో పని పూర్తవుతుంది. సి మొదలయ్యే చోటు కదలదు, చివరి హద్దు ఒక్కటే జరుగుతుంది. అందుకే అంత త్వరగా అయిపోతుంది. మధ్యలో ఎక్కడైనా డైనమిక్ డిస్క్‌గా మార్చాలా అని అడిగితే ‘నో’ అనండి.

జీపార్టెడ్ లాంటివి వాడి ఒక పార్టిషన్ మొదలును జరిపే పని ఇంత తేలిక కాదు. అందులోని సరుకును మొత్తం ఇంకో చోటికి మోయాలి, పెద్ద డిస్క్ అయితే గంటలు పడుతుంది. ఆ గంటల్లో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ ఉండిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, గాలివాన సాయంత్రం ఆ పని మొదలుపెట్టకండి. డెస్క్‌టాప్‌కి పనిచేసే యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండి ఛార్జర్ తగిలించి ఉండాలి.

కాపీ తీసుకోకుండానే డి ని డిలీట్ చేసి ఈ మాటలు వింటున్నవారు కూడా ఉండవచ్చు. వారికి చెప్పేది: కంప్యూటర్‌ని వెంటనే ఆపేయండి. సి ని ఇంకా పెంచకపోతే అసలే పెంచకండి, ఆ డిస్క్ మీద ఏ ప్రోగ్రామూ ఇన్‌స్టాల్ చేయకండి. తిరిగే హార్డ్ డిస్క్ అయితే, పైన ఏదీ రాయనంత వరకు ఫైళ్లు ఇంకా అక్కడే ఉంటాయి. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము పోయిన పార్టిషన్‌ని వెతికి పట్టికలో తిరిగి రాయగలదు. ఆయనదే ఫోటోరెక్ అనే ఇంకొకటి ఫైళ్లను ఒక్కొక్కటిగా ఏరి తెస్తుంది. డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి వీటిని నడపాలి. ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. వదిలేసిన జాగాను ట్రిమ్ అనే ఏర్పాటు లోపలే ఖాళీ చేయించేస్తుంది. అందుకని ఎస్ఎస్‌డీ ఉన్నవారు కాపీ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి.

ఇంతా విన్నాక, మాకు ఇదంతా అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. చాలామందికి అవసరం లేదు. ఎర్ర గీతకు కారణం ఎక్కువగా డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్లే. పిక్చర్స్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో ‘లొకేషన్’ అన్న చోట ‘మూవ్’ నొక్కి డి లో ఒక ఫోల్డర్ చూపిస్తే, ఫోటోలన్నీ అక్కడికి వెళతాయి, ఇకపై వచ్చేవీ అక్కడే చేరతాయి. పాత విండోస్ మిగిల్చిన ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్‌ని ‘డిస్క్ క్లీనప్’తో తీసేస్తే పది ఇరవై జీబీలు కూడా దొరకవచ్చు. ఈ రెండు పనులకీ ఏ హద్దూ కదపనక్కరలేదు. ముందు ఇవి చేసి చూడండి, అప్పటికీ చాలకపోతేనే డ్రైవ్‌లు కలపండి.

కలిపినవారు ఫైళ్లను తిరిగి తెచ్చుకున్నాక కంప్యూటర్‌ని ఒకటి రెండుసార్లు ఆపి మళ్లీ వేయండి. సస్పెండ్ చేసిన బిట్‌లాకర్‌ని మళ్లీ ఆన్ చేయండి. ట్యాలీ, పేజ్‌మేకర్ లాంటివి తెరిచి పాత పని ఒకటి ముట్టుకుని చూడండి. అరువు తెచ్చిన డిస్క్ అయితే వెంటనే ఇచ్చేయకండి, కొన్ని రోజులు వాడుకునేదాకా ఉంచుకుంటామని ముందే అడిగి తెచ్చుకోండి. సొంతదైతే తుడిచేయకండి. దాని మీద తేదీ రాసిన చీటీ అతికించి, కంప్యూటర్ ఉన్న గదిలో కాక వేరే గదిలో దాచండి.